హనుమక్క మడమ

తెల్లవారి మెలకువ వచ్చాక హనుమక్క వెంటనే లేచేది కాదు. చాప మీద కూర్చుని కుడి మడమను అరచేతిలో పట్టుకునేది. తర్వాత గోడ ఆసరాతో ఎడమకాలి మీద నిలబడేది. కుడికాలు నేలకు జానెడు పైన ఉండేది. అట్లా కాసేపు ఆగేది. పేడతో అలికిన నేల మెత్తగానే ఉండేది. అయినా ఆ జానెడు దిగడానికి ధైర్యం చాలేది కాదు. దించిన మరుక్షణం మడమలోంచి మేకు లాంటిది పిక్క దాకా ఎక్కేది. పది అడుగులు వేశాక అది ఓర్చుకోదగిన నొప్పి అయ్యేది. ఆ పది అడుగులకు ఆమె భయపడేది. మిగిలిన దినమంతా, రేపటి పది అడుగులకు భయపడేది.

అది పందొమ్మిది వందల యాభై తొమ్మిది, చలి మొదలైన కాలం. ఆమెకు ముప్పై రెండేళ్ళు.

జంగమకోటెకు రెండు మైళ్ళ అవతల ఉన్న పల్లెకు, బయ్యప్పను పెండ్లాడి ఆమె పదహారేళ్ళ కిందట కోడలుగా వచ్చింది. పుట్టిల్లు బాగేపల్లి దిక్కు. అక్కడంతా మెట్ట నేల. రాగి, ఉలవ, శెనక్కాయ. పట్టుపురుగును ఆమె పెండ్లికి ముందు చూడలేదు. వచ్చిన మొదటి వారంలో అత్త సుబ్బలక్ష్మమ్మ ఆమె అరచేతిలో వేలెడంత పురుగును పెట్టింది. అది చల్లగా కదిలింది. హనుమక్క ఏడ్చింది. అత్త ఓదార్చలేదు, పురుగును వెనక్కి తీసుకోలేదు. చేయి మూయొద్దు, విదిలించొద్దు, అది నిన్ను చూసుకునేదాకా అట్లే ఉండు అన్నది.

ఆ చేయే తర్వాత పేరు తెచ్చింది. ఆ పల్లెల్లో పురుగుల మేపుకు చేయి చూస్తారు. అదే గుడ్లు, అదే ఆకు, అదే గది. అయినా ఒకరు మేపితే గూళ్ళు గట్టిగా పడతాయని, ఇంకొకరు మేపితే పురుగు చివరి వారంలో వాలిపోతుందని నమ్ముతారు. హనుమక్క మేపిన పంట పదేళ్ళలో ఒక్కటీ పోలేదు. చేయి మంచిది కాదని ఒకసారి తేలిన ఆడమనిషిని మళ్ళీ పురుగుల గదిలోకి రానివ్వరు. బయ్యప్ప చిన్నాయన భార్య అట్లా గదికి దూరమై, చనిపోయేదాకా గొడ్ల పాకలోనే పనిచేసింది. ఆమె పేరు కూడా ఆ ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. పాకలో ఆమె అని మాత్రమే అనేవారు.

హనుమక్కకు పిల్లలు లేరు. ఏడెనిమిదేళ్ళు చూశాక బంధువులు బయ్యప్పకు రెండో పెండ్లి మాట ఎత్తారు. చేయి ఉన్న కోడలు ఇంట్లో ఉండగా ఇంకొకదాన్ని తెచ్చి ఆమె మనసు విరవనని సుబ్బలక్ష్మమ్మ చెప్పింది. దాంతో ఆ మాట ఆగింది. ఆగింది గానీ పోలేదని హనుమక్కకు తెలుసు.

నొప్పి మొదలైనప్పుడు అందరూ ముల్లు అనుకున్నారు. బయ్యప్ప ఆమెను ఎండలో కూర్చోబెట్టి పిన్నీసుతో మడమ గీరాడు. ముల్లు దొరకలేదు. లోపల విరిగి ఉంటుందని నల్లజీడి గింజను దీపానికి కాల్చి, కారిన నూనె చుక్కను మడమకు పెట్టారు. తోలు కాలి బొబ్బ లేచింది. బొబ్బ మానింది. నొప్పి మానలేదు. ఒంటికాలు లాగుతూ నడుస్తుంటే బయ్యప్ప, "నేలతో అలిగినావా ఏమి, మడిమ దానికి చూపించకుండా నడుస్తాండావు," అన్నాడు. ఆమె నవ్వింది. ఆయన ఆ మాట రెండోసారి అనలేదు.

తర్వాత ఇటుక. పొయ్యిలో కాల్చిన ఇటుక మీద జిల్లేడాకులు పరిచి, పైన మడమ ఆనించి, ఆకుల వేడి లోపలికి దిగేదాకా కూర్చోవాలి. తర్వాత ఉప్పు నీళ్ళు. తర్వాత వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్ళు. ఒక్కొక్కటి ఒక పూట హాయినిచ్చేది. ఆముదం వేడి చేసి మర్దన చేస్తే ఇంకా మేలని అందరూ చెప్పారు. కానీ పురుగులు ఉన్న ఇంట్లో ఆముదం వాసన రాకూడదు. తలకు నూనె రాయకూడదు. తిరగమోత ఘాటు గదికి తగలకూడదు. బీడీ తాగినవాడు గడప దగ్గరే ఆగాలి. చెప్పులు అసలే లేవు. ఆడవాళ్ళు దినానికి ఐదుసార్లు, కాళ్ళు చేతులు కడుక్కుని, చల్లటి నేల మీద వట్టి కాళ్ళతో గంటల కొద్దీ నిలబడి, తట్ట తర్వాత తట్టకు ఆకు వేయాలి. ఆ మడమకు ఏది మందో అది పురుగుకు విషం. పురుగుకు ఏది మంచిదో అది మడమకు శిక్ష.

పంటకూ పంటకూ మధ్య దొరికిన వారంలో బయ్యప్ప ఆమెను చిక్కబళ్ళాపురం తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు మడమను బొటనవేలితో ఒకేచోట నొక్కాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఆయన కన్నడంలో మెల్లగా చెప్పాడు. ఇది ముల్లు కాదు, మడమ ఎముకకే చిన్న మొన మొలిచింది, చాలామందికి వస్తుంది, ప్రాణభయం లేదు. ఉప్పు నీళ్ళ కాపడం మంచిదే. కాల్చుకోవద్దు. మెత్తటి జోడు వేసుకో. నిలబడే పని మానుకో.

తిరుగు బస్సు ఎక్కేసరికి డాక్టరు చెప్పినవాటిలో ఒక్క మాటే ఆమెకు మిగిలింది. మొలిచింది. మొలిచినది పెరుగుతుంది. ఏది ఎక్కడ ఆగుతుందో మొలకకు తెలియదు. ఆ మొన తోలు చీల్చుకుని కిందికి వస్తుందా, కాలి వెంట పైకి పోతుందా అని ఆయనను అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని అడగలేదు. ఆ దినం నుంచి పొద్దున్నే మడమను అరచేతిలో పట్టుకోవడం, నిన్నటికంటే ఎంత పెరిగిందో చూడటానికి.

కొత్త పంట గుడ్లు పగిలి, పురుగులు నాలుగో జ్వరం దాటాయి. పురుగు మేత మాని, తల ఎత్తి, కుబుసం విడవడానికి ఒక దినం కదలకుండా ఉండటాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం తర్వాత వారం దినాలు అవి తినే తిండికి అంతుండదు. ఆ తర్వాత పండి, గూడు కడతాయి. ఆ వారమే ఆడవాళ్ళు కూర్చోవడమన్నది మరిచిపోతారు. ముప్పై ఆరు తట్టలు. పడమటి వరస పద్దెనిమిది హనుమక్కవి. తూర్పు వరస పద్దెనిమిది తోడికోడలు పిళ్ళమ్మవి. పిళ్ళమ్మ బయ్యప్ప తమ్ముడు లక్ష్మణప్ప భార్య. నాగరగెరె నుంచి వచ్చి ఆరు నెలలు. పురుగును పట్టుకోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నది.

ఆ వారంలోనే హనుమక్క అన్న వెంకటరాయప్ప బాగేపల్లి దిక్కు నుంచి వచ్చాడు. గడప బయటే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఆయన లోపలికి తొంగి చూసి, "మా ఊర్లో పురుగు కనిపిస్తే తరుముతాము. మీ ఇంట్లో వాటికి పక్కలేసి జోకొడ్తాండారు," అన్నాడు. సుబ్బలక్ష్మమ్మకు కూడా నవ్వు వచ్చింది. పోయేముందు చెల్లెలిని పాక దగ్గరికి పిలిచి, పంచె మడతలోంచి ఒక పొట్లం, చిన్న సీసా ఇచ్చాడు. పొట్లంలో పొగాకు. సీసాలో ఆముదం.

"అమ్మ పంపించింది. ఆకుకు ఆముదం పూసి, నిప్పు మీద వెచ్చజేసి, మడిమకు కట్టు. మూడు దినాలు. మన ఊర్లో మాయక్కకు నొప్పి దీంతోనే పోయింది," అన్నాడు.

"పురుగుల ఇంట్లో పొగాకా అన్నా?"

"కట్టేది నీ కాలికి కదమ్మా. పురుగు కాలికి కాదు."

ఆమె పొట్లాన్ని గడ్డివాములో దాచింది. పారేయాలనుకుంది. మరునాడు పొద్దున గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడినప్పుడు, పారేయలేదు కదా అని సంతోషపడింది.

మధ్యాహ్నం మేత అయ్యాక మగవాళ్ళు తోటకు పోయేవారు, అత్త కాసేపు నడుం వాల్చేది. ఆ గంటలో హనుమక్క పాక వెనక కూర్చుని ఆకు కట్టుకునేది. విప్పాక బూడిదతో ఒకసారి, శీకాయతో ఒకసారి కాళ్ళు చేతులు కడిగేది. చీర మార్చేది. చేతులు వాసన చూసుకునేది. మళ్ళీ కడిగేది. అంత జాగ్రత్తగా ఉంటే తప్పేమిటని తనకు తాను చెప్పుకునేది. రెండో దినం మడమలో ఏదో వదులైంది. మూడో దినం పొద్దున మొదటి అడుగుకు మేకు ఎక్కలేదు. ఆమె అక్కడే నిలబడి ఇంకో అడుగు వేసి చూసింది. మొన కరిగిపోతున్నదనుకుంది.

ఆ మూడో మధ్యాహ్నం పాక వెనక నేల తడిగా ఉంది. ఆకుల గదిలో గోడకు ఆరేసిన గోనె ఒకటి తెచ్చి కాలి కింద వేసుకుంది. కట్టు విప్పాక గోనెను పాక గుంజ మీద పడేసి, తన కాళ్ళు చేతులు కడుక్కోవడానికి పోయింది. తనను తాను కడుక్కోవడంలో గోనెను మరిచిపోయింది.

తోట నుంచి తెచ్చిన మల్బరీ ఆకు వాడిపోకుండా కుప్పపోసి, పైన తడి గోనెలు కప్పుతారు. ఆ సాయంత్రం ఒక గోనె తక్కువైంది. పిళ్ళమ్మ వెతికి, పాక గుంజ మీద ఉన్నదాన్ని తెచ్చి, నీళ్ళలో ముంచి కప్పింది.

మరునాడు పొద్దున ఆ కుప్పలోని ఆకును పిళ్ళమ్మ తూర్పు వరసకు వేసింది. హనుమక్క వచ్చేసరికి తోట నుంచి కొత్త ఆకు మోపు వచ్చింది. ఆమె ఆ ఆకును తన వరసకు వేసింది.

ఎండ ఎక్కేసరికి పిళ్ళమ్మ వచ్చి, తన పురుగులు తినడం లేదని చెప్పింది. సుబ్బలక్ష్మమ్మ పోయి చూసింది. తూర్పు వరసలో తట్ట తర్వాత తట్టలో పురుగులు తల, ఎద పైకెత్తి ఊగుతున్నాయి. కొన్నిటి నోళ్ళ నుంచి గోధుమరంగు నీరు కారి ఆకు మీద పడుతున్నది. కొన్ని పక్కకు ఒరిగాయి. పడమటి వరసలో అన్నీ వంచిన తల వంచినట్టు తింటున్నాయి. గదిలో సగం చప్పుడు ఉంది, సగం లేదు.

"చూడు, హనుమక్క వరస ఎట్ల తింటాండాదో. అదే గది, అదే గాలి," అన్నది సుబ్బలక్ష్మమ్మ.

హనుమక్క తన తట్టల మధ్య నిలబడి ఉంది. అప్పటికింకా ఆమెకు ఏమీ తెలియదు. ఆకు చూసి వస్తానని ఆకుల గదిలోకి పోయింది. కుప్ప మీద నాలుగు గోనెలు ఉన్నాయి. మూడోదాని మధ్యలో మడమంత మచ్చ, నూనెగా, నల్లగా. వంగి వాసన చూసింది.

ఆ గోనెను చుట్టి చంకలో పెట్టుకుంది. పెరటి దోవన పోయి ఎరువు దిబ్బలో కుక్కి, పైన పేడ లాగింది. ఎవరూ చూడలేదు. చేతులు కడిగింది. నొప్పి లేని కాలితో అంత దూరం పరుగెత్తిందని అప్పుడు తెలిసింది.

తిరిగి వచ్చేసరికి మగవాళ్ళు వచ్చారు. ఇది అంటురోగమని, పడమటి వరసకు తగలకముందే తూర్పు తట్టలన్నీ గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలని సుబ్బలక్ష్మమ్మ చెబుతున్నది. లక్ష్మణప్ప పార తెచ్చాడు. పిళ్ళమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముట్టు దాచిపెట్టి గదిలోకి వచ్చావా అని అత్త ఆమెను అప్పటికే రెండుసార్లు అడిగింది.

"దాచలేదత్తా. నేను దూరమయ్యి పది దినాలు. నీకూ తెలుసు."

"మరి ఏమిటికి పడ్తాయి? నువ్వు వేసిన వరసే ఏమిటికి పడాల?"

పిళ్ళమ్మ తన చేతుల వైపు చూసుకున్నది. ముందు అరచేతులు, తర్వాత తిప్పి వెనక వైపు. తన చేతుల్లో నిజంగానే ఏదో ఉందేమోనని వెతుకుతున్నట్టు. సుబ్బలక్ష్మమ్మ, పంట అయ్యేదాకా ఆమెను నాగరగెరెకు పంపించు అని చిన్న కొడుకుతో అన్నది. తర్వాత వస్తే పాక పని చూసుకోవచ్చు అన్నది.

పాక అన్న మాట హనుమక్క విన్నది.

ఆమెకు ఇంకొకటి తెలుసు. పొగాకు తగిలిన పురుగు వెంటనే చావదు. అప్పటికప్పుడు గాలికి పెట్టి, పాత ఆకు తీసేసి, కొత్త ఆకు వేస్తే చాలావరకు తేరుకుంటుంది. కిందటేడు పొరుగింట్లో అట్లే జరిగింది. రేష్మె ఇలాఖె, అంటే సర్కారు పట్టు శాఖ మనిషి వచ్చి తట్టలను బయటికి తీయించాడు. అంటే ఈ పద్దెనిమిది తట్టలు చచ్చినవి కావు. వీళ్ళు పూడ్చబోయేవి బతికి ఉన్నవి. ఆ సంగతి చెప్పాలంటే పొగాకు అని చెప్పాలి. పొగాకు అంటే ఎవరిది అంటారు. ఎవరిది అంటే ఆ చేయి ఇక లేదు. చేయి లేకపోతే ఆగిన రెండో పెండ్లి మాట మళ్ళీ లేస్తుంది.

లక్ష్మణప్ప మొదటి తట్ట ఎత్తాడు. పిళ్ళమ్మ ఏడవకుండా గుడ్డలు మూట కట్టుకోవడానికి లోపలికి తిరిగింది.

"అది రోగం కాదు," అన్నది హనుమక్క. "పొగాకు తగిలింది. గాలికి పెట్టండి."

"యాడిది పొగాకు?" అన్నాడు బయ్యప్ప.

"నాది. మడిమకు కట్టుకున్నా. నా కాలి కింద గోనె ఆకు మీదికి వచ్చింది. పిళ్ళమ్మకు తెలీదు."

సుబ్బలక్ష్మమ్మ ఆమె మొహం వైపు చూడలేదు, కాలి వైపు చూసింది. తర్వాత తట్టలు మోయమని మగవాళ్ళకు చెప్పింది. పద్దెనిమిది తట్టలనూ పాక నీడలో, గాలి తగిలే చోట దించారు. పిళ్ళమ్మ, అత్త పాత ఆకు ఏరి పారేశారు. ఎవరూ పిలవకపోయినా హనుమక్క ఒక తట్ట దగ్గరికి పోయి వంగింది. అత్త చేయి అడ్డం పెట్టింది. తోయలేదు. అడ్డం పెట్టింది, అంతే.

పొద్దు వాలేసరికి కొన్ని పురుగులు తల దించి ఆకు అంచు కొరికాయి. మరునాటికి పదకొండు తట్టలు తేరుకున్నాయి. ఏడు పోయాయి. ఈ పంటకు నువ్వు లోపలికి రావొద్దు అని సుబ్బలక్ష్మమ్మ చెప్పింది. ఈ పంటకేనా, ఇక ఎప్పటికీనా అని హనుమక్క ఆ మాటను రాత్రీ పగలూ తిప్పి చూసుకున్నది.

ఆమె పాకలో గొడ్లను చూసుకున్నది. కూర్చుని చేసే పనే ఎక్కువ. దినానికి మూడుసార్లు ఉప్పు నీళ్ళ కాపడం పెట్టుకునేంత తీరిక. నెల తిరిగేసరికి మడమ నొప్పి సగానికి తగ్గింది. తగ్గిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. బాగైన కాలితో పాకలో ఉండటం, చెడ్డ కాలితో ఉండటం కంటే ఎక్కువ భయం పెట్టింది. కాలు బాగైతే ఇక ఇక్కడే ఉండమంటారేమో.

గూళ్ళు అమ్మిన మరుసటి వారం చింతామణి నుంచి బయ్యప్ప పెదనాయన తిమ్మరాయప్ప వచ్చాడు. రెండో పెండ్లి మాట మొదట ఎత్తింది ఆయనే. సుబ్బలక్ష్మమ్మతో అరుగు మీద చాలాసేపు మాట్లాడాడు. హనుమక్క పాకలోంచి చూసింది. మాటలు వినిపించలేదు. ఆయన చేయి రెండుసార్లు ఇంటి వైపు ఎత్తాడు. అత్త తల ఊపింది. ఏ మాటకు ఊపిందో తెలియలేదు. ఆయన పోయాక బయ్యప్ప వచ్చి పాక గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఏం చెబుతాడోనని ఆమె గడ్డి వేయడం ఆపలేదు. ఎద్దుకు నీళ్ళు పెట్టినావా అని అడిగి వెళ్ళిపోయాడు. వాళ్ళు ఏమి మాట్లాడుకున్నారో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

కొత్త గుడ్లు వచ్చాయి. పగిలిన దినం పొద్దున్నే సుబ్బలక్ష్మమ్మ పురుగుల గది గడప దగ్గర నిలబడి ఆమెను పిలిచింది. లోపల పిళ్ళమ్మ చీమ తలంత పురుగులను కోడి ఈకతో తట్టలోకి దించుతున్నది. హనుమక్క గడపకు ఇవతల ఆగింది. అత్త ఆమె రెండు చేతులూ పట్టుకుని మొహం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. అరచేతులు, వేళ్ళ సందులు. తర్వాత ముసలి నడుం వంచి, ఆమె కుడి మడమ మీద అరచేయి పెట్టి, ఆ చేతిని కూడా వాసన చూసుకుంది.

"పో," అన్నది.

ఆ పంట బాగా పండింది. తర్వాతవీ పండాయి. నొప్పి ఏడాదికి పూర్తిగా పోయింది. ఎముక పెరగలేదు. పెరగలేదని ఆమె నమ్మడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. రెండో పెండ్లి మాట ఎవరూ ఎత్తలేదు. కానీ ఆనాటి నుంచి హనుమక్క, దినానికి ఐదుసార్లు, గదిలోకి పోయేముందు గడప దగ్గర ఆగి చేతులు ముందుకు చాచేది. సుబ్బలక్ష్మమ్మ రెండు పంటల తర్వాత చూడటం మానేసింది. అయినా ఆమె చాచేది. అత్త పోయాక పిళ్ళమ్మకు చాచింది.

"ఏమిటికక్కా ఇదంతా. నీ చేయి నాకు తెలీదా," అన్నది పిళ్ళమ్మ.

"చూసి చెప్పు," అన్నది హనుమక్క. చేతులు దించలేదు.

పిళ్ళమ్మ ఆకు పక్కన పెట్టి, వంగి, వాసన చూసింది.

"ఏమీ లేదక్కా," అన్నది.

హనుమక్క లోపలికి పోయింది.